సొంత బండి – గిద్దలూరు దారి

శుక్రవారం సాయంత్రం జాహిదా అన్న మాటకు సాబిర్ చేతిలోని రొట్టె ముక్క నోటిదాకా రాకుండా ఆగిపోయిన చోట మనం వాళ్లను విడిచి వచ్చాం.

బల్ల మీద అప్పటికి రెండు కాగితాలున్నాయి. ఒకటి సాబిర్ పనిచేసే ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఇచ్చిన ఒప్పందం. ఇన్నాళ్లూ జీతానికి నడిపిన లారీని కొనుక్కుని, అదే కంపెనీ సరుకును ఇకమీదట సొంత బండి మీద తోలమని దాని సారాంశం. రెండోది పాత స్నేహితుడు ద్వారకానాథ్ సంపాదించి పంపిన ఇంటర్వ్యూ పిలుపు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో మళ్లీ ప్రోగ్రామర్ ఉద్యోగం. రెండింటికీ గడువు సోమవారమే. లారీ కొనాలంటే క్వేకర్స్ హిల్‌లో వాళ్లుంటున్న ఇల్లు హామీ పెట్టాలి. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కనుక జాహిదా సంతకం లేనిదే పని జరగదు.

సంతకం పెడతావా అని సాబిర్ అడిగాడు. ఆమె పెడతాననలేదు, పెట్టననలేదు.

"రేపు మీ లారీలో నేనూ వస్తా," అంది.

రెండేళ్లుగా అతను లారీలు నడుపుతున్నాడు. ఆ రెండేళ్లలో జాహిదా ఒక్కసారి కూడా బండి దగ్గరికి వచ్చింది లేదు. లారీ మాట ఎత్తితే వంటింట్లోకి వెళ్లిపోయేది. లారీ డ్యూటీకి వేసుకునే అతని పసుపుపచ్చ చొక్కాలను మిగతా బట్టలతో పాటు బయట ఆరేసేది కాదు, గ్యారేజీలో తీగ కట్టి ఆరేసేది. ఎందుకో సాబిర్ ఎప్పుడూ అడగలేదు. తనకు తెలుసుననుకున్నాడు.

*

శనివారం పొద్దున ఆరున్నరకు పక్క వీధిలో విద్యావతి ఇంటి ముందు కారు ఆపారు. ఈ దేశంలో జూన్ అంటే చలికాలం. గడ్డి మీద మంచు సున్నం చల్లినట్టుంది. పదేళ్ల ఇక్రా నిద్రమొహంతో బ్యాగు భుజాన వేసుకుని దిగింది.

"పొద్దున్నే ఎక్కడికమ్మా ఇద్దరూ?" విద్యావతి శాలువా సర్దుకుంటూ అడిగింది. ఆమెది విజయవాడ. ఈ వీధుల్లో తెలుగువాళ్లందరికీ ఆంటీ.

"గోల్బర్న్‌లో ఈయనకేదో ఆఫీసు పనుందంట ఆంటీ. ఊరికే నేనూ పోతాండా. సాయంత్రానికి వచ్చేస్తాం."

"శనివారాలు కూడానా? ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లకి సెలవన్నదే లేదు."

ఇక్రా తలెత్తి తల్లి వైపు చూసింది. "ఆఫీస్? బట్ మమ్, అబ్బా డ్రైవ్స్ ఎ..."

జాహిదా చెయ్యి కూతురి భుజం మీద పడింది. గట్టిగా నొక్కలేదు, ఊరికే పడింది. ఇక్రా మాట మధ్యలోనే ఆగిపోయింది. "నథింగ్," అని లోపలికి వెళ్లిపోయింది.

కారులో డిపో దాకా జాహిదా ఒళ్లో పెట్టుకున్న తన కుడిచేతి వైపే చూస్తూ కూర్చుంది.

డిపోలో బండి సిద్ధంగా ఉంది. తెల్లరంగు ప్రైమ్ మూవర్, అంటే వెనకాల ట్రైలర్‌ను లాగే ముందుబండి. ఐదేళ్ల పాతది, సాబిర్ చేతికి వచ్చేముందు ఇంకెవరో నడిపింది. ట్రైలర్ నిండా గోల్బర్న్‌లోని ఒక గోదాముకు చేర్చాల్సిన కాగితం చుట్టలు. డిపో మేనేజర్ డెస్ మామూలుగా డ్రైవర్ పక్కన ఎవర్నీ ఎక్కనివ్వడు. సంతకం పెట్టాల్సింది ఈవిడే అని తెలిశాక, "మిసెస్‌ని తీసుకురా మేట్, బండి చూసుకోనీ," అన్నాడు.

సాబిర్ కాగితాలు చూసుకుని వచ్చేసరికి జాహిదా బండి చుట్టూ తిరుగుతోంది. ఒక్కో టైరు దగ్గర ఆగి మడమతో తన్ని చెవి పెట్టి వింటోంది. ట్రైలర్ ఎడమవైపు మూడో టైరు దగ్గర రెండుసార్లు తన్నింది.

"దీంట్లో గాలి తక్కువుండాది," అంది.

సాబిర్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. గేజి తెచ్చి పెట్టి చూశాడు. తక్కువే ఉంది. గాలి పట్టించి, ఆమెను ఎక్కించడానికి ఎడమ తలుపు దగ్గరికి వచ్చాడు. ఆ అవసరం లేకపోయింది. కమ్మీ పట్టుకుని, మెట్టు మీద ఎడమకాలు మోపి, ఒక్క ఊపులో పైకెక్కి కూర్చుందామె. కొత్తగా ఎక్కేవాళ్లు ముందు ఏ కాలు పెట్టాలో తెలియక కిందే తడబడతారు. సాబిర్ కూడా మొదటి నెలంతా తడబడ్డాడు.

మామ హస్సాన్ సాహెబుకు ఒకప్పుడు సొంత లారీ ఉండేదని పెళ్లికి ముందు ఎవరో చెప్పగా విన్నాడు. తను చూసేనాటికి ఆయన నంద్యాల మార్కెట్ యార్డులో కాటా దగ్గర కూర్చుని మూటల బరువు రాసుకునేవాడు. లారీ సంగతి ఆయన ఎత్తేవాడు కాదు, ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

*

మెల్బోర్న్ వైపు పోయే హ్యూమ్ హైవే ఎక్కాక ఎండ వచ్చింది. పిక్టన్ దాటాక రోడ్డు ఎత్తుకు ఎక్కుతూ పోతుంది. నలభై టన్నుల బండి గేరు మీద గేరు దిగుతూ, మూలుగుతూ ఎక్కింది. సాబిర్ ఆమెకు ఒక్కో మీటరూ చూపించాడు. సీటు వెనక పడుకునే అర చూపించాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది.

"ఒక్క పట్టున ఎన్ని గంటలు నడుపుతారు?" అని మాత్రం అడిగింది.

"ఐదు గంటలు. తర్వాత అరగంట ఆగాలి. పుస్తకంలో రాయాలి. రూలు."

"రూలు సరే. మీరు?"

సాబిర్ గేరు మార్చి, అద్దంలో ట్రైలర్‌ను చూసుకున్నాడు.

మరూలన్ దాటాక లారీలు ఆగే చోటు ఒకటుంది. యూకలిప్టస్ చెట్లు, రెండు సిమెంటు బల్లలు, ఒక టాయిలెట్టు. గాలి కోసేస్తోంది. దిగకుండా క్యాబిన్‌లోనే కూర్చున్నారు. జాహిదా ఫ్లాస్కు తెరిచి రెండు కప్పుల్లో టీ పోసింది. కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టింది.

సాబిర్ రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఇక్కడే చెప్పాలనుకున్నాడు.

"నేను చెప్పేది పూర్తిగా విను జాహిదా. తర్వాత నీ ఇష్టం. బ్యాంకు వాళ్లు నన్ను ఈ దేశానికి ఏంటికి పిలిపించినారు? పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉంటే వాటిని నాలుగు చేయడానికి. రెండు వేల సంవత్సరం వస్తే అన్నీ ఆగిపోతాయన్నారు. రెండేళ్లు కళ్లు పోయేటట్టు కూర్చుని చేసినాను. జనవరి ఒకటో తేదీ వచ్చింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడటమే నా పని. జరగలేదు కాబట్టి నువ్వెందుకన్నారు. మార్చిలో పని బాగా ముగిసిందని కేకు కోసినారు. అదే సాయంత్రం ఒక అట్టపెట్టె ఇచ్చి, నా సామాను నన్నే సర్దుకోమని సెక్యూరిటీ అతన్ని పక్కన నిలబెట్టినారు. నేనేదో ఎత్తుకుపోతానన్నట్టు."

టీ చల్లారుతోంది. అతను తాగడం లేదు.

"తర్వాత పధ్నాలుగు ఇంటర్వ్యూలకు పోయినాను. కంపెనీలన్నీ మూసుకుంటాన్నాయి. ఈ పని దొరికింది. మొదట చిన్న వ్యాను, తర్వాత లారీ, తర్వాత ఇది. ఇంత బండిని నేను నడపగలనని నాకే తెలీదు. ఇప్పుడది నాది అయ్యే దారి కనపడతాంది. ఇంక నాకెవ్వరూ అట్టపెట్టె ఇవ్వలేరు. అది చాలు నాకు."

"ఇప్పుడున్నట్టే ఉండొచ్చు కదా," జాహిదా మెల్లగా అంది. "జీతానికి."

"అది లేదు." సాబిర్ చూపు తిప్పుకున్నాడు. "నీకు చెప్పలేదు. ఈ నెలాఖరుకు జీతం డ్రైవర్లు ఉండరు. బండి కొన్నవాళ్లు ఉంటారు. కొననివాళ్లు పోతారు. డెస్ అందరికీ చెప్పేసినాడు."

జాహిదా ఫ్లాస్కు మూత బిగించింది.

"ఎన్నాళ్లయింది ఆయన చెప్పి?"

"రెండు వారాలు."

"నాకు చెప్పడానికి ఏం?"

సాబిర్ గొంతులో అప్పటిదాకా లేని కరుకుదనం వచ్చింది. "నీకు లారీ మాట చెప్పడానికి ఎక్కడ సందిచ్చినావు? విద్యావతి ఆంటీకి నేను సాఫ్ట్‌వేర్. మీ అన్నకు ఉత్తరంలో నేను లాజిస్టిక్స్. నా చొక్కాలు గ్యారేజీలో ఆరతాయి. రెండేళ్లుగా చూస్తాన్నా జాహిదా. నీ మొగుడు లారీ డ్రైవరని చెప్పుకోను నీకు సిగ్గు. నేనేమీ అనలేదు. కానీ దానికోసం నా బతుకు నేను మార్చుకోను."

ఎదురుగా ఇంకో లారీ వచ్చి ఆగింది. అందులోంచి తెల్లగడ్డం మనిషి దిగి, ఒళ్లు విరుచుకుని, వీళ్లకు చెయ్యి ఊపి టాయిలెట్టు వైపు వెళ్లాడు.

జాహిదా తన కప్పును జాగ్రత్తగా ముందున్న అర మీద పెట్టింది.

"సిగ్గు కాదు," అంది. "భయం. నాకు లారీ అంటే ఏందో మీకంటే ముందే తెల్సు."

*

ఆమె ముందున్న అద్దం వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా అబ్బ లారీలో నేను ఎనిమిదేళ్లప్పటి నుంచి తిరిగినా. బడికి సెలవులైతే చాలు, తోలుకుపోయేవాడు. బేతంచర్ల నాపరాళ్లు వేసుకుని గిద్దలూరు ఘాటు రోడ్డు దిగి ఒంగోలు పోయేవాడు. క్లీనరుకు జీతమియ్యడానికి లేక నన్ను కూర్చోబెట్టుకునేవాడు. 'నాకు నిద్ర రాకుండా ఏదో ఒకటి మాట్లాడతా ఉండు బిడ్డా,' అనేవాడు. ఎక్కాలు చెప్పేదాన్ని. పద్యాలు చెప్పేదాన్ని. బడిలో ఎవరు ఎవరితో కొట్లాడినారో చెప్పేదాన్ని. టైర్లు తన్ని చూడటం ఆయనే నేర్పించినాడు."

"నాకు పదకొండేండ్లు. వేసవి సెలవులు. ముందురోజు పొద్దున బయల్దేరినాం, దారిలో ఒక టైరు పోయి సగం రోజు అక్కడే పోయింది. ఒంగోల్లో సరుకు దింపాల్సిన టైము దాటిపోతాంది. ఆలస్యమైతే మళ్లీ లోడు ఇచ్చేది లేదన్నారు. ఆయన నిద్రపోలేదు. ఘాటు దిగేసినాం. తెల్లారతాంది. గిద్దలూరు ఇంకో ఐదారు మైళ్లుంటుంది. నేను ఎక్కాలు చెప్తాండా. పదమూడో ఎక్కం. అంతవరకే నాకు తెల్సు. నాకు నిద్ర పట్టేసింది."

ఆమె ఆగింది. అద్దం మీది ఆవిరిని వేలితో తుడిచింది. బయట ఏదో చూడాలని కాదు, వేలికి ఏదో పని కావాలని.

"దబ్బుమని చప్పుడైతే లేచినా. లారీ కొంచెం దూరం పోయి ఆగింది. ఆయన దిగినాడు. నేను కిటికీలోంచి వెనక్కి చూసినా. రోడ్డు మీద సైకిలు పడుండాది. పాల క్యాన్లు. పాలు రోడ్డంతా పారి, ఆ నల్ల తారు మీద తెల్లగా. మనిషి మట్టిలో పడుండాడు. చెయ్యి కదులుతాంది. నేను చూసినా. కదులుతాంది."

"మా అబ్బ పది అడుగులు వేసినాడు ఆ మనిషి వైపు. నేను ఎంచినా. పదే. నిలబడినాడు. లారీ వైపు తిరిగి చూసినాడు. నన్ను కాదు, లారీని. తర్వాత వెనక్కొచ్చి ఎక్కి, స్టార్టు చేసినాడు. 'లారీ స్టేషన్లో పెట్టేస్తారు బిడ్డా. లారీ పోతే మనమందరం పోయినట్టే,' అన్నాడు. ఇంక ఒంగోలు దాకా ఒక్క మాట లేదు. నేను ఎక్కాలు కూడా చెప్పలేదు. ఆయనకు నిద్ర రాలేదు."

సాబిర్ నెమ్మదిగా అడిగాడు. "ఆ మనిషి?"

"రెండు రోజులకు మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చినాడు. పాలాయన చచ్చిపోయినాడంట. ఎవరో దారినపోయేవాళ్లు ఎద్దులబండిలో వేసుకుని గిద్దలూరు ఆస్పత్రికి పోయేలోపల పోయినాడంట. గుద్దిన లారీలోనే ఎత్తుకుని పోయింటే బతికేవాడని డాక్టరన్నాడంట. ఆ కానిస్టేబుల్ అందరి లారీలూ అడుగుతాండాడు. మా అబ్బ ఆత్మకూరు, దోర్నాల మీద పోయినామని చెప్పినాడు. ఆయన నమ్మలేదు. నా వైపు తిరిగి, 'పాపా, నువ్వు చెప్పు, మీ నాయన ఏ దారిన పోయినాడు?' అన్నాడు."

"మా అబ్బ నా భుజం మీద చెయ్యి వేసినాడు. నొక్కలేదు. ఊరికే వేసినాడు. నేను దోర్నాల మీద అని చెప్పినా. చిన్నపిల్ల అబద్ధం చెప్పదని ఆ మనిషి వెళ్లిపోయినాడు. మళ్లీ ఎవరూ రాలేదు."

బయట ఆ తెల్లగడ్డం మనిషి తన బండి ఎక్కి వెళ్లిపోయాడు.

సాబిర్‌కు హస్సాన్ సాహెబు కళ్ల ముందు కనిపించాడు. పెళ్లయిన కొత్తలో అత్తవారింటికి వెళ్లినప్పుడు అందరికీ పాలు పోసిన టీ వచ్చేది. ఆయన ఒక్కరికే నల్లటి డికాషన్ వచ్చేది. కడుపులో పుండు, పాలు పడవు అని అత్తగారు చెప్పేది. సాబిర్ ఒకసారి హైదరాబాదు నుంచి మంచి డాక్టరు చీటీ కూడా రాయించుకుని వెళ్లాడు. ఆయన తీసుకుని, కళ్లకద్దుకుని, జేబులో పెట్టుకున్నాడు. ఆ చీటీ ఆయన ఎవరికీ చూపించలేదని ఇప్పుడు అర్థమైంది.

"అత్తకు తెలుసా?"

"తెలీదు. ఆయనకు, నాకు, పైవాడికి. ఇప్పుడు మీకు. నెలలోపల లారీ అమ్మేసినాడు. ఎందుకమ్మినావని అందరూ తిట్టినారు." జాహిదా మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "మా అబ్బ చెడ్డవాడు కాదు. ఇరవై ఏండ్లు దాన్నే ఆలోచించినా. అది ఎవరిదో లారీ అయ్యింటే, జీతానికి నడిపేవాడయ్యింటే, పదకొండో అడుగు వేసేవాడు. నాకు తెల్సు. అది ఆయనదైంది. అందుకే వేయలేకపోయినాడు."

"ఇక్కడ అట్ల కాదు," అన్నాడు సాబిర్. తన గొంతు తనకే నమ్మకంగా వినిపించలేదు. "ఇక్కడ ఇన్సూరెన్సు ఉంటుంది. రూల్సు ఉంటాయి."

"ఉంటాయి. పొద్దున ఇక్రా భుజం మీద నేను చెయ్యి వేసినా, చూసినారా?"

అతను చూశాడు. తల ఊపాడు.

"వేసినాక తెలిసింది అది ఎవరి చెయ్యో. అప్పటిదాకా మీకు ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో అనుకుంటా ఉంటి. కారులో కూర్చున్నాక అంతా చెప్పాలనుకున్నా."

*

సాబిర్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. బండి ఆగే ఉంది. అయినా చేతులు తియ్యలేదు.

"నేనూ ఒకటి చెప్పాలి," అన్నాడు. "మూడు వారాల కింద, టార్కటా దగ్గర. మెల్బోర్న్ నుంచి వస్తాన్నా. మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ నేరుగా కళ్లలో. కళ్లు మూసుకున్నట్టు నాకు తెలీదు. చక్రాల కింద గులకరాళ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. బండి రోడ్డు పక్కకు దిగిపోయింది. ముందు తెల్ల కారు ఒకటి ఆగి ఉండాది. ఒక ముసలామె డిక్కీ తెరిచి ఏదో తీసుకుంటాంది. ఎంత దూరమో చెప్పలేను. ఆ సిమెంటు బల్ల దగ్గరి నుంచి ఆ చెట్టు దాకా ఉంటుందేమో."

జాహిదా పక్కనున్న కమ్మీ పట్టుకుంది.

"ఆమె నన్ను చూడను కూడా లేదు. నేను బండి ఆపి, డెస్‌కు ఫోన్ చేసి, మూడు గంటలు పడుకుంటున్నా, లోడు లేటవుతుంది, ఏం చేసుకుంటావో చేసుకో అని చెప్పినా. తిట్టినాడు. పడుకున్నా. నిద్ర రాలేదు కానీ, పడుకున్నా."

"బండి మీదై ఉంటే?"

ఆమె ఆ ప్రశ్నను కోపంగా అడగలేదు. లెక్క అడిగినట్టూ అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. అందుకే సాబిర్‌కు అబద్ధం చెప్పడానికి వీలు లేకపోయింది. రెండు వారాలుగా డెస్ చెబుతున్నది గుర్తొచ్చింది. సరుకు టైముకు చేరకపోతే తర్వాతి వారం లోడు ఇంకొకరికి పోతుంది. బండి ఊరికే నిలబడుతుంది. నిలబడ్డా బ్యాంకు ఊరుకోదు. వెనకాల ఇల్లుంటుంది.

"ఒక కాఫీ తాగి బయల్దేరేవాణ్నేమో," అన్నాడు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా అనుకునేవాణ్ని."

తన గురించి అలాంటి మాట తన నోటి నుంచి అతనెప్పుడూ వినలేదు. చేతులు స్టీరింగు మీద నుంచి ఒళ్లోకి జారాయి.

"సరే," అన్నాడు. "సోమవారం ఇంటర్వ్యూకే పోతాను. ద్వారకా అంత కష్టపడి ఇప్పించినాడు. మళ్లీ కుర్చీలో కూర్చుంటాను. బండి వద్దు."

జాహిదా కళ్లు మూసుకుంది. రెండేళ్లుగా ఆమె ప్రతి నమాజులో అడుగుతున్నది ఈ మాటే. పసుపు చొక్కాలు తీసి పడేయొచ్చు. ఫోన్ మోగినప్పుడల్లా గుండె పట్టుకోనక్కర్లేదు. చెయ్యాల్సిందల్లా ఇప్పుడు నోరు మూసుకుని ఉండటం. టీ పోసి, గోల్బర్న్‌లో సరుకు దింపి, ఇంటికి పోవడం. సాబిర్ ఇంకేమీ అడగడు.

ఆమె కళ్లు తెరిచింది.

"ఆ ఉద్యోగం ఆర్నెల్లే," అంది.

సాబిర్‌కు వెంటనే అర్థం కాలేదు. "ఏ ఉద్యోగం?"

"ద్వారకా అన్న ఇప్పించేది. గురువారం మీరు రోడ్డు మీదుంటే ఇంటికి ఫోన్ చేసినాడు. 'చెల్లెమ్మా, నీకొక్కదానికే చెబుతున్నా, వాడితో అనకు' అన్నాడు. ఆ కంపెనీ వాళ్లు ఆ పనంతా హైదరాబాదుకు పంపించేస్తాండారంట. అక్కడ కొత్త ఆఫీసు తెరుస్తారంట. ఈ లోపల ఇక్కడ తెలిసినవాడు ఒకడు కావాలి. పాత ప్రోగ్రాములన్నీ చదివి, రాసిపెట్టి, అక్కడి పిల్లలకు నేర్పించి ఇచ్చేయాలి. ఇచ్చేసినాక ఇక్కడ ఆ కుర్చీ ఉండదు. 'ఆర్నెల్లయినా పర్లేదమ్మా, వాడు ముందు ఆ లారీ దిగితే చాలు, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం,' అన్నాడు. నేను సరే అన్నాను."

"సరే అన్నావా?"

"అన్నాను. మీకు చెప్పకుండా ఉండాలనే అనుకున్నా. నిన్న మీ చేతిలో ఆ కాగితం చూస్తా కూడా చెప్పలేదు. ఇప్పుడు కూడా నేను చెప్పకపోతే మీరు దానికే పోతారు. నాకు కావాల్సింది అదే." ఆమె అతని వైపు తిరిగింది. "అయినా చెప్తాండా."

సాబిర్ తలుపు తెరిచి కిందికి దిగాడు. చలిగాలి లోపలికి కొట్టింది. గడ్డిలో నాలుగడుగులు నడిచి ఆగాడు. జాహిదా అద్దంలోంచి అతని వీపును చూసింది. ఇంకో అట్టపెట్టె. ఈసారి ముందే తెలిసిన అట్టపెట్టె. దాన్ని తన చేత్తో తనే నింపి, హైదరాబాదులోని ఎవరో కుర్రాళ్లకు అందించి రావాలి. అతని చేతులు పక్కలకు వేలాడుతున్నాయి. ఏ కాగితం మీద సంతకం పెట్టాలో తెలియని చేతులు.

డ్యాష్‌బోర్డు మీద ఫోన్ మోగింది.

అతను వెనక్కి వచ్చి, మెట్టు మీద నిలబడి, లోపలికి చెయ్యి చాచి అందుకున్నాడు. డెస్ గొంతు జాహిదాకు కూడా వినపడేంత పెద్దది. సోమవారం దాకా ఆగడం కుదరదన్నాడు. ఇంకొకాయన ఆఫీసులో తన ఎదురుగానే కూర్చున్నాడనీ, సాబిర్ నడుపుతున్న ఆ బండే కావాలంటున్నాడనీ చెప్పాడు. "నీ మీద గౌరవం కొద్దీ ముందు నిన్నడుగుతున్నా మేట్. యెస్ ఆర్ నో?"

సాబిర్ ఫోన్‌ను అరచేత్తో మూసి భార్య వైపు చూశాడు.

"ఏం చెప్పమంటావు?"

జాహిదా తల అడ్డంగా ఊపింది.

"పదకొండేండ్లప్పుడు ఒక మగమనిషి తరఫున నేను జవాబు చెప్పినా. ఇంకోసారి చెప్పను. మీరు పెట్టమంటే సంతకం పెడతా. వద్దంటే ఇంటికి పోదాం. జవాబు మాత్రం మీదే."

మామ తన లారీని వదిలేసినట్టే ఈ బండిని కూడా ఎవరో వదిలే ఉంటాడని సాబిర్‌కు తట్టింది. అతను ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"డెస్, ఒక్కటి చెప్పు," అన్నాడు. "ఈ బండి నాకంటే ముందు ఎవరు నడిపేవాడు? అతనిప్పుడు ఎక్కడున్నాడు?"

రెండేళ్లలో డెస్ దగ్గర మాటకు తడుముకోవడమన్నది సాబిర్ ఎరగడు. ఇప్పుడు అవతలి నుంచి ఏమీ వినపడలేదు. లైను తెగిపోలేదు. డెస్ ఊపిరి వినపడుతూనే ఉంది. తర్వాత ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్న చప్పుడు, ఎదురుగా కూర్చున్న మనిషిని కాస్త బయటికి వెళ్లమని చెప్పడం, తలుపు మూసుకోవడం వినిపించాయి.

"నీకెవరు చెప్పారు సాబిర్?" అన్నాడు డెస్, చాలా నెమ్మదిగా.